గుంత అడుగున తెల్లటి మచ్చ

"ఆ పాత సర్వే బొమ్మ నేను జూడనే లేదు మేడమ్. పడవ కిరాయికిచ్చిన, అంతే. వాళ్లు నీళ్లల్ల ఏం జూసిండ్రో నాకేం ఎరుక," అన్నాడు లింగమూర్తి.

సుమైరా తల ఊపింది. ఈ మాట అతని నోట ఇంకోసారి రావాలనే ఆమె ఇంతసేపూ అటు తిప్పీ ఇటు తిప్పీ అడుగుతోంది. అతని చొక్కా వీపుకి అంటుకుపోయింది. రేకుల షెడ్డులో ఫ్యాను తిరుగుతున్నా గాలి పొయ్యి ముందు నిలబడ్డట్టే ఉంది. బయట గుంత నిండా నీళ్లు, కదలకుండా ఉన్నాయి.

గోదావరిఖని పక్కన బొగ్గు అయిపోయి మూతపడ్డ ఓపెన్‌కాస్ట్ గుంత అది. ఆ నీళ్ల మీద తేలే సోలార్ పలకలు పరవడానికి ఒక కంపెనీ వచ్చింది. పలకలు గాలికి కొట్టుకుపోకుండా అడుగున లంగరు దిమ్మలు దించాలి. అడుగు బురదైతే ఒక రకం దిమ్మ, రాయైతే ఇంకో రకం. రెండు నెలల కింద చేయించిన సర్వే రిపోర్టు ఒకచోట మెత్తటి బురద అంది. అక్కడ దిమ్మ దించితే బండరాళ్ల అంచులకు ఒరుసుకుని తాళ్లు తెగాయి. రిపోర్టును ఎవరో మార్చారని కంపెనీకి అనుమానం వచ్చి, కరీంనగర్‌లో చిన్న డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్న సుమైరాను పిలిపించింది.

ఆ కంపెనీకి తెలియని సంగతి ఒకటుంది. పిలవకపోయినా ఆమె ఈ గుంత దగ్గరికి వచ్చేదే.

నాలుగేళ్ల కింద ఇందులో ఇంకా పని నడుస్తున్నప్పుడు, మట్టి తీసే కాంట్రాక్టు సప్తధార ఎర్త్‌మూవర్స్ అనే సంస్థది. యజమాని రఘుపతి. సోలార్ కంపెనీ ఈ గుంత సర్వే చేయించే పనినీ ఆ సంస్థకే అప్పజెప్పింది. టిప్పర్ల సూపర్‌వైజర్ ఈ లింగమూర్తి. వాళ్ల దగ్గర టిప్పర్ నడిపే రఫీ అనే కుర్రాడు ఒక వానాకాలం పొద్దున బండితో సహా మాయమయ్యాడు. టిప్పర్‌ను సిరొంచ మీదుగా మహారాష్ట్రకు దాటించి అమ్ముకుని పారిపోయాడని రఘుపతి కేసు పెట్టాడు. రఫీ సుమైరాకు తమ్ముడు. దొంగను కన్న తల్లి అని వాడకట్టులో అన్న రోజు నుంచి వాళ్లమ్మ లతీఫున్నీసా గడప దాటలేదు. పెళ్లి పిలుపులు రావడం మానేశాయి. తమ్ముడు ఎక్కడున్నాడో సుమైరాకు తెలియదు గానీ, ఎవరిని వదలకూడదో మాత్రం ఆ రోజు నుంచీ తెలుసు.

"సరే లింగమూర్తి గారు. బొమ్మ సంగతి వదిలెయ్యుండ్రి," అని ఆమె బల్ల మీద కొత్త ప్రింటు ఒకటి పరిచింది. "నిన్న మేం తీసిన సోనార్ బొమ్మ ఇది. మళ్లీ ఒక దిమ్మ దించుతం. ఈ గుంతల మీరు ఏండ్లు పనిచేసిండ్రు. ఎక్కడ దించితే మంచిదంటరు?"

చేతి రుమాలంత ప్రింటు అది. గట్టు కనపడదు, దిక్కు తెలియదు. బూడిదరంగు నేల మీద రెండు మచ్చలు, ఒకటి కాటుకలా నల్లగా, ఒకటి సున్నంలా తెల్లగా. రెండూ ఇంచుమించు ఒకే కొలతలో ఉన్నాయి.

లింగమూర్తి ప్రింటును దగ్గరికి లాక్కున్నాడు. ఎక్కువసేపు చూడలేదు. తెల్లటి మచ్చ మీద వేలు పెట్టాడు.

"ఈడ ఎయ్యుండ్రి. మెత్తగుంటది. ఈ నల్లదాని జోలికి పోవద్దు, అన్ని బండలే."

మూలన కంప్యూటర్ ముందు కూర్చున్న రుత్విక్ చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. మంచిర్యాల నుంచి వచ్చిన సర్వే ఇంజినీర్ అతను. సుమైరా అతనివైపు చూడకుండానే, "రుత్విక్ గారు, సార్‌కు చెప్పుండ్రి," అంది.

"పడవ కింద నుంచి నీళ్లలకు చప్పుడు పంపుతం సార్," అన్నాడు రుత్విక్. "అడుగు బురదైతే చప్పుడును మింగుతది. రాయైతే ఎనుకకు ఇసురుతది. అట్ల తిరిగొచ్చేదాన్ని మేం బ్యాక్‌స్కాటర్ అంటం. గట్టిగ తిరిగొచ్చిన చోటును నేను తెల్లగ పెట్టుకుంట. నల్లగున్నది బురద. మీరు వేలు పెట్టిన తెల్లదే రాళ్ల కుప్ప."

"అట్లనా. నాకెట్ల తెలుస్తది. నల్లగుంటే బండ అనుకున్న," అన్నాడు లింగమూర్తి.

"ఏది రాయి, ఏది బురద అని మీరు అడగలే," అంది సుమైరా. "ఈ ప్రింటు జూసిన ప్రతి ఒక్కరు అదే ముందు అడిగిండ్రు. సోలార్ కంపెనీ ఇంజినీర్లు గూడ. మీరొక్కరే అడగలే. ఎందుకంటే రాయి నల్లగ ఉంటదని మీకు ముందే ఎరుక. పాత సర్వే చేసినాయన రాయిని నల్లగ పెట్టిండు. ఆయన విశాఖపట్నంల ఉన్నడు. అసలు బొమ్మ నాకు పంపిండు. ఆ బొమ్మ ఇచ్చింది మీ సప్తధార ఆఫీసుకే అని కూడ చెప్పిండు. మీ ఆఫీసు నుంచి కంపెనీకి పోయిన బొమ్మల ఆ నల్ల మచ్చ లేదు. ఉన్న బొమ్మ జూసినోడే నల్లదాన్ని రాయి అంటడు."

లింగమూర్తి వేలు ఇంకా తెల్లటి మచ్చ మీదే ఉంది. అది చూసుకుని తీసేశాడు.

"సేటు తుడిపిచ్చిండు. రఘుపతి సేటు."

"ఏమున్నది దాని కింద?"

అతను తలుపువైపు చూశాడు.

"లింగమూర్తీ. దాని కింద ఏమున్నది?"

ఆమె గొంతు పెరగలేదు. 'గారు' పోయింది, అంతే. లింగమూర్తి మంచినీళ్ల సీసా అందుకుని సగం తాగాడు, సగం మీద పోసుకున్నాడు.

"బ్రేకు సరిగ లేదన్నడు ఆ పొద్దున," అన్నాడు. "రఫీ. ఒక్క ట్రిప్పు కొట్టిరా, తర్వాత చూద్దమన్న నేను. సేటు ఫోన్ల ఒర్లుతున్నడు, ట్రిప్పులు తక్కువైనయని. పడమటి దిక్కు అంచు మీద బండి ఆగలే. అప్పటికే అటుదిక్కు పని బందయి నీళ్లు నిండి ఉండె. సీదా పోయి అండ్లనే పడ్డది."

"ఎవరికి చెప్పినవు?"

"సేటుకు. బయటికి తెలిస్తే కాంట్రాక్టు పోతది, ఒక్కనికి గూడ చెప్పొద్దన్నడు. పక్కన బండరాళ్ల లోడు ఉండె. మీద పోయమన్నడు."

"పోసినవు."

"రెండు టిప్పర్లు పోపిచ్చిన. డ్రైవర్లకు సంగతి తెల్వది. గట్టు కట్టాలె అని చెప్పిన." అతను మొహం తుడుచుకున్నాడు. "నేను పైకెల్లి జూసిన మేడమ్. లైట్లు ఎలుగుతనే ఉండె. నీళ్లల్ల, కింద. పచ్చగ. మొదటి లోడు పడ్డంక గూడ ఒకటి ఎలిగింది."

రుత్విక్ లేచి బయటికి వెళ్లిపోయాడు.

సుమైరా బల్ల అంచును రెండు చేతులా పట్టుకుంది. తమ్ముడు ఆ లైట్ల వెనక ఊపిరితో ఉన్నాడా లేడా అని అడగబోయింది. అడిగితే ఇతను తెల్వదంటాడు. ఆ మాట విన్నాక తను ఏం చేస్తుందో తనకే తెలియదు. బల్ల మీద తాడు కోసే కత్తి ఉంది. దాన్ని ఆమె చూసింది. లింగమూర్తి కూడా చూశాడు.

"కత్తి అక్కడ్నే ఉండనియ్యుండ్రి మేడమ్," అన్న గొంతు తలుపు దగ్గర వినిపించింది.

సీఐ జైపాల్ లోపలికి వచ్చాడు. వెనకే ఇద్దరు. ఒకడు డ్రైవర్ కానిస్టేబుల్ శివ, రెండోవాడు నెరిసిన మీసాల హెడ్ కానిస్టేబుల్ బుచ్చన్న. జైపాల్ కత్తిని మడిచి జేబులో వేసుకుని, కుర్చీ లాక్కుని కూర్చోకుండా దాని మీద కాలు పెట్టాడు.

"బయట నిలబడి ఇన్న. మంచిగ చెప్పిచ్చిండ్రు. కని ఇది కోర్టుల నిలవదు. మీరు పోలీసు కాదు."

"అందుకే మిమ్మల్ని పొద్దున్నే రమ్మన్న సార్. మీరు ఇప్పుడొచ్చిండ్రు."

"సోలార్ కంపెనీకి తెలుసా, మీరు రఫీ అక్క అని?"

"తెల్వది. తెలిస్తే పనియ్యకపోతుండె."

"నేను ఫోన్ చేసి చెప్పిన. ఇవ్వాళ్టితోని మీ పని అయిపోయింది." జైపాల్ ఆమెవైపు వంగాడు. "ఇంకొకటి. రఘుపతి పోయిన వారం నుంచి దొరుకుతలేడు. ఇంట్ల లేడు, ఫోను బంద్, కారు లేదు. ఎందుకు పారిపోయిండు? అసలు బొమ్మ మీ చేతికొచ్చిన సంగతి ఆయనకు అందింది. మీరు ఎవరికో చెప్పిండ్రు. చెయ్యి దాకా వచ్చినోన్ని మీ నోటితోని తప్పిచ్చిండ్రు."

"నేను బయట ఎవరికీ చెప్పలే."

"మరి కలగన్నడా?"

"నాలుగేండ్ల కింద మీరు ఈ నీళ్ల దిక్కు ఒక్కసారి జూసి ఉంటే ఎవరూ పారిపోకపోతుండ్రి," అంది సుమైరా. "బ్రేకులు మంచిగ లేవని మా తమ్ముడు ఇంట్ల చెప్పిండని మా అన్న మీ స్టేషన్ల మొత్తుకున్నడు. ఇన్నరా? టిప్పర్ దొంగ అని ఫోటో కింద రాసి రామగుండం రైల్వే స్టేషన్ల గోడకు అంటిచ్చిండ్రు. మా అమ్మీ రైలు ఎక్కపోయి ఆ ఫోటో జూసి పడిపోయింది. ఆ మాట రాసింది మీరే."

జైపాల్ మొహం కందిపోయింది. కాలు కుర్చీ మీంచి దించాడు. లింగమూర్తి రెక్క పట్టుకుని లేపాడు.

"ఈయన బొలెరో గూడ సీజ్ చెయ్యాలె. శివా, నువ్వు నడుపు, మేం ఎనుక కూసుంటం. ముందుగాల ఈడ స్టేట్‌మెంట్ తీసుకుని బయల్దేరుదం. బుచ్చన్నా, మన జీపుతోని నువ్వు ఈడనే ఉండు. గజ ఈతగాళ్లు వచ్చేదాక నీళ్లల్లకు ఎవర్ని దిగనియ్యకు." సుమైరావైపు తిరిగాడు. "మీరు గూడ దిగొద్దు."

"పడవ కంపెనీది. నా పని ఇవ్వాళ్టిదాక ఉన్నదని మీరే అన్నరు," అని ఆమె బయటికి నడిచింది.

బుచ్చన్న అడ్డు రాలేదు. పడవవైపు వెళ్తున్న ఆమెను చూసి పక్కకు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు.

రుత్విక్ మోటారు మెల్లగా నడిపాడు. తెర మీద అడుగు బొమ్మ కాస్త కాస్తగా కిందికి జారుతోంది. రాళ్ల కుప్ప వచ్చింది. సుమైరా కళ్లార్పలేదు. తెల్లటి మచ్చే గానీ, అంచులు మసకబారి ఉన్నాయి.

"నాలుగు వానాకాలాల మట్టి పడ్డది మేడమ్ దాని మీద," అన్నాడు రుత్విక్ మెల్లగా. "సన్నటి బొగ్గు బురద రోజింత పేరుకుంటది. అందుకే అంచులు మాసినట్టున్నయి. కొత్తగ పడ్డదైతే అద్దం లెక్క మెరుస్తది." మోటారు మీద చెయ్యి వేశాడు. "ఇగ పోదమా?"

"పాత దారి దిక్కు ఒకసారి తిప్పుండ్రి. టిప్పర్లు దిగిన దారి. నిన్న అటు పోలే కద."

ఒకప్పుడు టిప్పర్లు గుంతలోకి దిగిన ఏటవాలు దారి ఇప్పుడు గట్టు మీద మొదలై నేరుగా నీళ్లలోకి పోతుంది. పడవ దాని మీదుగా సాగింది. బూడిదరంగు, ఇంకా బూడిదరంగు, తర్వాత నల్లటి బురద. అంతలో తెర మీద ఒక మచ్చ మెరిసింది. ఎంత తెల్లగా మెరిసిందంటే రుత్విక్ చెయ్యి దానంతటదే మోటారు ఆపేసింది.

అంచులు గీసినట్టున్నాయి. మచ్చ వెనక కోసుగా ఒక నల్లటి నీడ. చప్పుడు అడ్డుపడి వెళ్లలేకపోయిన చోటు. ఆ నీడకు ముందు వాలు, మధ్యలో చదును, వెనక మళ్లీ వాలు.

"ఇనుము," అన్నాడు రుత్విక్. "కారు మేడమ్. మీద దుమ్ము గూడ పడలే. పాత సర్వేల ఇది లేదు, నేను మొత్తం జూసిన. రెండు నెలలు గాదు, వారమో పది రోజులో."

సుమైరా తెరను చూస్తూనే ఉంది. జైపాల్ మాటలు ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి. వారం నుంచి రఘుపతి లేడు. కారు లేదు. ఫోను బంద్. అసలు బొమ్మ సంగతి మీరు ఎవరికో చెప్పిండ్రు.

బయట ఎవరికీ చెప్పలేదన్నది నిజం. ఇంట్లో చెప్పింది. బొమ్మ వచ్చిన రోజే ఫోన్‌లో అన్నకు చూపించి, "రఫీ ఇక్కడున్నడు భాయ్‌జాన్, వాళ్లే ముంచిండ్రు," అని ఏడ్చింది. ఎవరు ముంచిండ్రు అని అతను అడిగాడు. రెండు పేర్లు చెప్పింది.

"ఒడ్డుకు పోనియ్యుండ్రి," అంది.

అన్న అబూబకర్ గట్టు మీద, బళ్లు నిలిపిన చోట ఉన్నాడు. గోదావరిఖనిలో లారీల షెడ్డు అతనిది. పొద్దున సుమైరాను తన జీపులో తెచ్చింది అతనే. పాత బనీను గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. పక్కన బొలెరో ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. నేల మీద నూనె మరక ఒకటి ఎండకు నిగనిగలాడుతోంది.

ఇద్దరూ ఇంటి మాట ఉర్దూలోనే మాట్లాడుకున్నారు, గొంతులు తగ్గించి.

"దారి కింద కారు కనబడ్డది," అంది సుమైరా.

"కనబడుతదని తెలుసు. నువ్వు వెతికితే కనబడకుండ ఉంటదా?"

"రఘుపతి లోపలున్నడా?"

"సీటుబెల్టు నేనే పెట్టిన. తమ్ముడు ఏడున్నడో అడిగిన. చెప్పిండు. ఆ దారిల బండి న్యూట్రల్‌ల పెట్టి వదిలిన." అబూబకర్ మొహంలో కోపం లేదు. చాలా రోజుల తర్వాత నిద్రపోయి లేచినవాడిలా ఉన్నాడు. "లైట్లు వేసి దింపిన సుమైరా."

ఆ మాటకు తనలో లేచినదాన్ని భయం అనుకుంది. కాదు, తృప్తి. అది తెలిసి అన్న మొహం మీంచి చూపు తిప్పుకుంది.

"పోలీసులకు నేనే చెప్దామనుకున్న. ఇంకొకడు మిగిలిండని ఆగిన," అన్నాడతను.

అప్పుడు ఆమె అతని చేతిలోని గుడ్డను, నేల మీది మరకను చూసింది. గుంతకు అవతల, మట్టి డంపు మీదికి ఎక్కే దారిలో తెల్లటి బొలెరో నెమ్మదిగా పైకి పోతోంది.

"ఏం జేసినవు?"

"రఫీని ఎట్ల పంపిండ్రో అట్లనే, బ్రేకు లేకుండ. చెయ్యి బ్రేకు గూడ లేదు. ఎక్కేటప్పుడు తెల్వది. డంపు దాటి దిగేటప్పుడు తెలుస్తది."

"అందులో సీఐ ఉన్నడు. శివ ఉన్నడు."

"వాళ్లు ఎక్కుతరనుకోలే." అతను గుడ్డను మడిచాడు. "కని సీఐ ఉంటే ఉండనియ్యి. దొంగ అని రాసిన చెయ్యి ఆయనది."

సుమైరా ఫోన్ తీసింది. జైపాల్ పేరు మీద బొటనవేలు ఆగింది. నీళ్లలో పచ్చగా వెలిగిన లైట్లు, మొదటి లోడు పడ్డాక కూడా ఆరని ఒక్క లైటు. బొలెరో వంపు తిరిగింది. ఇంకో వంపు ఉంది. వేలు నొక్కక ముందు ఎంతసేపు పోయిందో ఆమెకు తెలియదు. పోయిందని మాత్రం తెలుసు.

అవతల ఫోను మోగింది. రెండోసారి మోగుతుండగా ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఈసారి మోగగానే జైపాల్ కట్ చేశాడు. షెడ్డులో ఆమె అన్న మాటలు ఇంకా ఆయన చెవిలో ఉన్నట్టున్నాయి.

పోలీసు జీపు దగ్గర బుచ్చన్న ఉన్నాడు. అతని భుజానికి వైర్‌లెస్ సెట్టు ఉంది. అందులో చెప్తే జైపాల్ వింటాడు. దానితో పాటు ఇటు రామగుండం నుంచి అటు మంచిర్యాల దాకా ఎన్ని సెట్లున్నాయో అన్నీ వింటాయి. ఎట్ల తెలుసని అడుగుతారు. ఇంటి దగ్గర అమ్మీకి మిగిలింది ఈ ఒక్క కొడుకు.

ఆమె పరుగెత్తింది.

"బుచ్చన్న కాకా, ఆ బొలెరోకు బ్రేకులు లేవు. సీఐ సార్‌కు చెప్పు. ఇప్పుడే."

బుచ్చన్న ఒక్కసారి ఆమె మొహం చూసి సెట్టు నొక్కి అదే మాట చెప్పాడు. గరగరలాడింది. తర్వాత జైపాల్ గొంతు వచ్చింది, చిరాకుగా, "ఎవరు చెప్పిండ్రు?" అని. ఆ వెంటనే వెనక నుంచి శివ అరుపు. డంపు నెత్తి మీద తెల్లటి బండి ఒక్క క్షణం కనిపించి అవతలికి దిగిపోయింది.

"పెడల్ లోపలికి పోయింది," అంది సెట్టు. జైపాల్ గొంతు మారిపోయింది. "ఆగుతలేదు. చెయ్యి బ్రేకు గూడ లేదు. ఎవరు చెప్పిండ్రో ఆయన్నే అడుగు బుచ్చన్నా, ఏం కోసిండు, ఏం మిగిలింది. ఎటు తిప్పాలె. జల్ది."

అది తెలిసినవాడు ఒక్కడే. అబూబకర్ పారిపోలేదు. నడుచుకుంటూ వచ్చి చెల్లెలి పక్కన నిలబడ్డాడు. సుమైరా బుచ్చన్న చేతిలోంచి సెట్టు లాక్కుని అన్న నోటి ముందు పెట్టింది.

"చెప్పు భాయ్‌జాన్. శివకు ఇద్దరు చిన్న పిల్లలు."

అబూబకర్ సెట్టు వైపు చూడలేదు. నీళ్లవైపు చూశాడు. మాట్లాడినప్పుడు తెలుగులో, బుచ్చన్నకు కూడా వినపడేలా మాట్లాడాడు.

"చెప్త. ముందుగాల ఆయన్ని చెప్పుమను. మా రఫీ దొంగ కాదని, తప్పు రాసిన అని, ఈ సెట్టుల చెప్పుమను. అందరు ఇనాలె."

సుమైరా సెట్టును తన నోటి ముందుకు తెచ్చుకుని, జైపాల్‌ను ఆ మాట అడగడానికి బటన్ నొక్కింది.